గుర్రం కాపలా కాసిన కొండ, గుర్రాలు నేర్పిన ఊరు



మన ప్రాంతంలో కొండలకు జంతువుల పేర్లు ఉన్నాయి. మనం రోజూ చూసే హార్స్‌లీ హిల్స్‌కు పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పసిబిడ్డను ఏనుగులు సాకాయని పెద్దలు చెప్పే కథ. 1870 ప్రాంతంలో డబ్ల్యూ.డి. హార్స్‌లీ అనే కడప కలెక్టరు ఎండకు తాళలేక పైన ఇల్లు కట్టుకున్నాడు. ఏనుగు పేరు మరుగునపడి దొర పేరు నిలిచింది. సండేస్కూలు పిల్లలు కొందరు హార్స్ అంటే గుర్రం కాబట్టి అది గుర్రాల కొండ అనుకుంటారు. కాదు బిడ్డలారా, అది మనిషి పేరు. నిజంగా గుర్రం పేరు పెట్టుకున్న కొండ మనకు వేరే ఉంది. మదనపల్లె నుండి రాయచోటి మీదుగా కడపకు వెళ్ళే దారిలో బస్సు కిటికీలోంచి కనబడే గుర్రంకొండ.

ఈ వారం ఆ కొండ గురించి, దానితోపాటు ఫ్రాన్సు దేశంలో ఒక నది ఒడ్డున ఉన్న సోమ్యూర్ అనే పట్టణం గురించి మీతో మాట్లాడాలనుకున్నాను. రెండింటి మధ్య వేల మైళ్ళ దూరం. అయినా రెండూ గుర్రానికి, కోటకు, సైన్యానికి పేరుపడినవే. సోమ్యూర్ నుండి మన మదనపల్లె దాకా ఒక సన్నని దారి కూడా ఉంది. చదువుతూపోతే అది మీకే కనబడుతుంది.

గుర్రం ఉన్నంతవరకు కోట పడదు

గుర్రంకొండ నేలమీద నుండి సుమారు 500 అడుగుల ఎత్తు. మూడు వైపులా గోడలాగా నిలువుగా ఉన్న బండ. ఒక వైపునే మనిషి ఎక్కగలడు. అలాంటి చోట కోట కట్టినవాడు సగం పని దేవుడు చేసిపెట్టిన గోడమీదే చేసుకున్నాడు.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. పాతకాలపు ఆంగ్లేయుల గెజెటీర్లలో కూడా ఆ కథ ఎక్కింది. ఆ కోటకు ఒక గుర్రం కాపలా అట. ఆ గుర్రం కొండమీద ఉన్నంతకాలం ఎంత పెద్ద సైన్యం వచ్చినా కోట పడదని నమ్మకం. ఆ సంగతి విన్న ఒక మరాఠా నాయకుడు, దారి ఉన్న వైపు కాకుండా నిలువు బండ వైపు నుండే ఎక్కి, గుర్రాన్ని దొంగిలించి దించుకుపోయాడట. కింద నేల తాకకముందే కోటవాళ్ళు ఆ దొంగను పట్టేసుకున్నారు. కానీ లాభం లేకపోయింది. గుర్రం ఒకసారి కోట దాటింది కాబట్టి మంత్రం విరిగిపోయింది. ఆ తరువాత వచ్చిన ముట్టడిలో కోట పడింది.

ఇది కథే, చరిత్ర అని నేను చెప్పడంలేదు. కానీ ఆ కథ కట్టినవాళ్ళకు మనిషి మనసు బాగా తెలుసు. ఆలోచించండి. దొంగ దొరికాడు. బండ అలాగే ఉంది, గోడలు అలాగే ఉన్నాయి. ఒక్క రాయి కదలలేదు. అయినా కోట లోపల ఉన్నవాళ్ళు ఆ రోజునుండే ఓడిపోయారు. మన సామెతలో చెప్పాలంటే కరి మింగిన వెలగపండు. పైకి చూస్తే గుండ్రంగా, నిండుగా ఉంటుంది. లోపల గుజ్జు ఉండదు.

కొండ ఎవరిది?

ఇప్పుడు కథ పక్కనపెట్టి జరిగినది చూద్దాం. 18వ శతాబ్దంలో ఈ కోట కడప నవాబులు, మరాఠాలు, మైసూరు హైదరాలీ, ఆయన కుమారుడు టిప్పు సుల్తాను, హైదరాబాదు నిజాము, చివరికి ఇంగ్లీషు కంపెనీ, ఇంతమంది చేతుల్లో తిరిగింది. 1771లో మరాఠా సేనాని త్రియంబకరావు దీన్ని పట్టుకున్నాడు. 1773లో టిప్పు తిరిగి తీసుకున్నాడు. రెండేళ్ళలో రెండుసార్లు జెండా మారింది. ఆ రెండేళ్ళలో కింద ఊళ్ళలో రైతు శిస్తు ఎవరికి కట్టాడో, ఎవరికి కట్టనందుకు ఎవరి దెబ్బలు తిన్నాడో ఏ పుస్తకమూ రాయలేదు. చరిత్ర పుస్తకాల్లో కోటలకు పేర్లుంటాయి గాని కోట కింద గడ్డి కోసి గుర్రాలకు మోసుకెళ్ళినవాళ్ళకు పేర్లుండవు.

ఈ కోటకు మైసూరు రాజకుటుంబంతో చుట్టరికం కూడా ఉంది. టిప్పు తల్లి ఫక్రున్నిసా అన్నదమ్ముడైన మీర్ రజా అలీఖాన్ గుర్రంకొండను ఏలాడు. 1781లో పరంగిపేట దగ్గర ఇంగ్లీషువారితో జరిగిన యుద్ధంలో ఆయన ప్రాణం పోయింది. కొండ కింద ఉన్న మక్బరా ఆయనదే. దానికి దగ్గరలోనే రంగిణీ మహల్ నేటికీ నిలిచి ఉంది. మీరు ఆ దారిన వెళ్తే ఒక అరగంట ఆగి చూడండి. పిల్లలకు చూపించండి. గోడలమీద పేర్లు గీకకుండా చూడండి.

ఫ్రెంచివాళ్ళ మాట ఇక్కడే వస్తుంది. ఆ రోజుల్లో మైసూరు సైన్యంలో ఫ్రెంచి సైనికులు, అధికారులు పనిచేశారు. లాలీ అనే ఫ్రెంచి అధికారి పటాలం 1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరు యుద్ధంలో హైదరు పక్షాన నిలబడింది. ఇంగ్లీషువారికి, ఫ్రెంచివారికి ఐరోపాలో ఉన్న పగ మన చెరువుగట్లమీద కూడా రక్తం చిందించింది. ఆ యుద్ధం మధ్యలోనే 1782 డిసెంబరు 7న హైదరాలీ మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట గుడారాల్లో చనిపోయాడు. అంత పెద్ద ఆశ్వికదళం చుట్టూ ఉంది. వైద్యులున్నారు. వీపుమీద లేచిన పుండు ఒక్కటి ఆయనను తీసుకుపోయింది.

1791లో నిజాము సైన్యం ఇంగ్లీషు కెప్టెన్ రీడ్ సాయంతో గుర్రంకొండను ముట్టడించింది. కింది కోట పడింది. పై కోట పడలేదు. కింద కాపలా పెట్టి ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక టిప్పు పెద్దకొడుకు ఫతే హైదర్ ఒక దళంతో వచ్చి, కింద ఉన్న నిజాము మనుషులమీద పడి వాళ్ళ నాయకుణ్ణి చంపించి, పైన ఉన్నవాళ్ళకు ఊపిరి పోశాడు. కథలో చెప్పినట్టు గుర్రం పోయినా, ఆ బండ ఇంకా బలంగానే ఉందని దానివల్ల తెలుస్తుంది.

మరి పై కోట చివరికి ఎలా పోయింది? ఎవరూ ఎక్కలేదు. 1792 మార్చిలో శ్రీరంగపట్నంలో ఒప్పందం జరిగింది. టిప్పు తన రాజ్యంలో సగం వదులుకోవాల్సి వచ్చింది. 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టడానికి ఒప్పుకుని, ఇద్దరు చిన్న కొడుకులను జామీనుగా ఇంగ్లీషువారికి అప్పగించాడు. ఆ పంపకంలో కడప సీమతోపాటు గుర్రంకొండ నిజాముకు వెళ్ళింది. ఫిరంగులు చేయలేనిది ఒక కాగితం చేసింది. 1799లో టిప్పు చనిపోయాక మీర్ రజా అలీ కొడుకు కమరుద్దీన్‌ఖాన్‌కు గుర్రంకొండ జాగీరుగా ఇచ్చారు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్నంతా కంపెనీకి ధారపోశాడు. అందుకే మన తాతల కాలంలో దీన్ని దత్తమండలం అనేవారు. 1928లోగాని రాయలసీమ అనే మంచి పేరు రాలేదు.

ఈ భాగంలో నేను గమనించిన సంగతి ఇది. మనుషులు తమ కోట ఎటువైపు నుండి పడుతుందోనని భయపడి ఆ వైపే గోడ పెంచుకుంటారు. అది మాత్రం వాళ్ళు చూడని వైపు నుండి పోతుంది. గుర్రం కథలో బండవైపు నుండి పోయింది. చరిత్రలో శ్రీరంగపట్నంలో పెట్టిన సంతకం వైపు నుండి పోయింది.

ల్వార్ నది ఒడ్డున తెల్లకోట

ఇప్పుడు ఫ్రాన్సుకు వెళ్దాం. ఫ్రాన్సులో అన్నిటికన్నా పొడవైన నది ల్వార్. ఆ నది ఒడ్డున మెత్తని తెల్లరాయితో కట్టిన ఊరు సోమ్యూర్. ఊరిపైన గుట్టమీద కోట. ఈ రోజు ప్రపంచంలో గుర్రపుస్వారీ తెలిసినవాళ్ళెవరిని అడిగినా ఆ ఊరి పేరు చెబుతారు. అక్కడ నల్ల దుస్తులు వేసుకున్న గురువులు ఉంటారు. నల్ల దుస్తులవల్లనే ఆ బృందానికి కాద్ర్ నువార్ అని పేరు. గుర్రాన్ని కొట్టకుండా, అదిలించకుండా, వేలి కదలికతో, మోకాలి ఒత్తిడితో మాట వినిపించడం వాళ్ళ విద్య. గుర్రం వెనక కాళ్ళమీద లేచి నిలబడుతుంది, నాలుగు కాళ్ళూ గాలిలోకి లేపి దూకుతుంది. 2011లో యునెస్కో ఆ విద్యను మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

అయితే ఆ ఊరు మొదట గుర్రాలకు పేరుపడలేదు. వాక్యానికి పేరుపడింది.

16వ శతాబ్దంలో ఫ్రాన్సులో సంస్కరణ సంఘస్థులను హ్యూగెనోలు అనేవారు. కతోలిక రాజ్యంలో వాళ్ళు చిన్న గుంపు. ఎన్నో ఏళ్ళు యుద్ధాలు, ఊచకోతలు జరిగాయి. 1589లో సోమ్యూర్ పట్టణాన్ని వాళ్ళకు భద్రత కోసం ఇచ్చారు. ఫిలిప్ దుప్లెసీ మోర్నే అనే విశ్వాసి అక్కడ గవర్నరు అయ్యాడు. కత్తి పట్టడం తెలిసినవాడు, కలం పట్టడం కూడా తెలిసినవాడు. ఆయన కోటగోడలు బాగుచేయించాడు. దానితోపాటు ఒక అకాడమీ స్థాపించాడు. సేవకులను, పండితులను తయారుచేసే వేదాంత పాఠశాల అది. 1598లో నాంట్ శాసనం వచ్చి హ్యూగెనోలకు ఆరాధన చేసుకునే హక్కు దొరికింది.

ఆ పాఠశాల చిన్నది కాదు. దేశదేశాల విద్యార్థులు వచ్చారు. లూయీ కపెల్ అనే గురువు హెబ్రీ బైబిలు మీద పనిచేశాడు. హెబ్రీ అక్షరాల కింద అచ్చులకు గుర్తుగా ఉండే చుక్కలు మోషే కాలంలోనివి కావు, చాలా తరువాత పండితులు పెట్టినవి అని రుజువులతో రాశాడు. చాలామంది భక్తులకు కోపం వచ్చింది. వాక్యాన్ని తగ్గిస్తున్నాడన్నారు. ఆయన చెప్పింది నిజమని నేడు అన్ని సెమినరీల్లో ఒప్పుకుంటారు. వాక్యాన్ని ప్రేమించేవాడు నిజానికి భయపడనక్కరలేదని ఆయన చూపించాడు. మొయీజ్ అమిరో అనే మరో గురువు, దేవుని కృప ఎంత విశాలమైనది అనే ప్రశ్నమీద జీవితమంతా రాశాడు. పెన్సిల్వేనియా స్థాపించిన విలియం పెన్ యువకుడిగా ఆయన దగ్గర చదువుకున్నాడు.

ఇక జరిగినది వినండి. 1621లో రాజు 13వ లూయీ సైన్యంతో ఆ దారిన వచ్చాడు. మర్యాదగా కోటలో దిగుతానన్నాడు, మళ్ళీ ఇచ్చేస్తానన్న మాట ఉంది. దుప్లెసీ మోర్నే రాజును నమ్మి తలుపులు తెరిచాడు. కోట తిరిగి రాలేదు. గవర్నరు పదవీ పోయింది. రెండేళ్ళకు, 1623లో, ఆయన కన్నుమూశాడు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. కోట పోయింది 1621లో. పాఠశాల మాత్రం 1685 వరకు నడిచింది. అంటే కోట పోయాక కూడా 64 సంవత్సరాలు. కోట లేకపోతే పాఠశాల ఒక్కరోజు నిలవదనుకున్నవాళ్ళు ఆ రోజుల్లో ఉండే ఉంటారు. గోడలు కాపాడతాయనుకున్నదాన్ని గోడలు లేకుండానే దేవుడు రెండు తరాలు కాపాడాడు.

అలాగని అంతా సుఖాంతం కాలేదు. 14వ లూయీ కాలంలో ఒక్కొక్క హక్కూ లాగేసుకున్నారు. 1685 జనవరిలో సోమ్యూర్ పాఠశాలను మూయించారు. ఆరాధన మందిరాన్ని కూల్చారు. అక్టోబరులో నాంట్ శాసనాన్నే రద్దుచేశారు. సేవకులు దేశం విడిచిపోవాలి, సామాన్య విశ్వాసులు మాత్రం పోకూడదు, పోతే శిక్ష. అయినా సుమారు 2 లక్షల మంది రాత్రులు సరిహద్దులు దాటి, ఓడల్లో దాక్కుని హాలెండు, ఇంగ్లాండు, జర్మనీ, అమెరికా చేరారు. ఉన్నచోటే ఉండిపోయినవాళ్ళలో చాలామంది పైకి మతం మార్చుకున్నట్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ళను తేలికగా నిందించకండి. పిల్లలను చేతిలోంచి లాక్కుంటామంటే మనం ఏం చేస్తామో మనకు తెలియదు.

చదువరులు వెళ్ళిపోయాక సోమ్యూర్ చిన్నబోయింది. 1763 తరువాత ఆ ఊరికి రాజుగారి ఆశ్వికదళం వచ్చింది. స్వారీ పాఠశాల పెట్టారు. 19వ శతాబ్దంలో అది ఫ్రాన్సుకంతటికీ ఆశ్వికదళ పాఠశాల అయ్యింది. గ్రంథాలు చదివిన ఊరు గుర్రాలు నేర్పే ఊరుగా మారింది.

1940 జూన్

ఆ సైనిక పాఠశాల చరిత్రలో మూడు రోజులున్నాయి. మొన్న యవ్వనస్థుల కూడికలో వీటి గురించి చెప్పినప్పుడు ఎవరూ కదలలేదు.

1940 జూన్‌లో జర్మను సైన్యం ఫ్రాన్సును తొక్కుకుంటూ వస్తోంది. పారిస్ పడిపోయింది. జూన్ 17న మార్షల్ పెతాఁ రేడియోలో పోరాటం ఆపాలని చెప్పాడు. యుద్ధం ముగిసినట్టేనని దేశమంతా అనుకుంది. సోమ్యూర్ పాఠశాల అధిపతి కర్నల్ మిషోఁ దగ్గర ఉన్నది ఎక్కువగా ఇంకా శిక్షణలో ఉన్న కుర్రాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి చాలావరకు శిక్షణకు వాడే ఆయుధాలు. ల్వార్ నదిమీద సుమారు 40 కిలోమీటర్ల పొడవున వంతెనలను వాళ్ళు కాపాడాలి. ఊరివాళ్ళు మా ఊరు తగలబడిపోతుంది, వదిలేయండి అని బతిమాలారు. అయినా కుర్రాళ్ళు నిలబడ్డారు. వంతెనలు పేల్చి జూన్ 19, 20 తేదీల్లో పోరాడారు. ఇంకో విడ్డూరం చూడండి. ఎదురుగా వచ్చినది జర్మనుల ఆశ్వికదళ డివిజను. ప్రపంచానికి స్వారీ నేర్పిన ఊరి కుర్రాళ్ళు మట్టిలో పడుకుని తుపాకులు కాలుస్తున్నారు. గుర్రాల దళం అవతలి ఒడ్డున ఉంది.

వాళ్ళు ఓడిపోయారు. ఓడిపోతామని ముందే తెలుసు. జూన్ 22న యుద్ధవిరమణ మీద సంతకాలు జరిగాయి. శత్రువు కూడా వాళ్ళ ధైర్యానికి తలవంచి, దొరికిన కుర్రాళ్ళను చెరసాలకు పంపకుండా వదిలిపెట్టాడు.

అక్కడే జూన్ 20న జెహాన్ అలేన్ అనే 29 ఏళ్ళ యువకుడు చనిపోయాడు. మందిరంలో ఆర్గను వాయించేవాడు. ఆరాధన సంగీతం రాసినవాడు. యుద్ధంలో మోటారు సైకిలు మీద వార్తలు మోసే పని. ఆయన రాసిన సంగీతం ఈ రోజు కూడా ప్రపంచమంతటా మందిరాల్లో వాయిస్తున్నారు.

కూడికలో ఒక తమ్ముడు అడిగాడు: “అయ్యగారూ, ఓడిపోతామని తెలిసీ ఎందుకు నిలబడ్డారు? అది విశ్వాసమా, పిచ్చా?” నేను వెంటనే జవాబు చెప్పలేదు. మీరు కూడా తొందరపడి చెప్పకండి. మన సంఘంలో సైన్యంలో ఉన్న బిడ్డలున్నారు, వాళ్ళ తల్లులున్నారు. నాకు తోచింది ఇది. గెలుపు తమ చేతిలో లేదని ఆ కుర్రాళ్ళకు తెలుసు. నిలబడడం తమ చేతిలో ఉందని కూడా తెలుసు. రెండింటినీ కలిపేసినవాడు గెలిస్తే గర్విస్తాడు, ఓడితే కుప్పకూలుతాడు. విడదీసి చూసినవాడు తన పని చేసి మిగతాది దేవునికి వదులుతాడు. సామెతల గ్రంథం 21వ అధ్యాయం చివరి వచనం తెరిచి చదువుకోండి. గుర్రాన్ని సిద్ధం చేయవద్దని సొలొమోను చెప్పలేదు. సిద్ధం చేయమనే దాని అర్థం. కాని జయం గుర్రం ఇచ్చేది కాదు, ప్రభువు ఇచ్చేది.

మదనపల్లెకు వచ్చిన దారి

నేను మొదట చెప్పిన సన్నని దారి ఇప్పుడు చూపిస్తాను.

సోమ్యూర్‌లో బోధించిన పియెర్ దాయే అనే సేవకుడు 1683లో అమెరికాలో న్యూయార్కు చేరాడు. అంటే పాఠశాల మూతపడడానికి రెండేళ్ళ ముందే. అక్కడికి దగ్గరలో న్యూ పాల్జ్ అనే చోట అడవి కొట్టి ఇళ్ళు కట్టుకున్న ఫ్రెంచి విశ్వాస కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ సంవత్సరమే వాళ్ళను కలిపి ఒక సంఘంగా నిలబెట్టాడు. మొదట ఫ్రెంచిలో ఆరాధన జరిగింది. పిల్లలు, మనుమలు వచ్చేసరికి పక్కనున్న డచ్చివాళ్ళ సంస్కరణ సంఘంతో కలిసిపోయారు. అలా హాలెండునుండి వచ్చినవాళ్ళు, ఫ్రాన్సునుండి పారిపోయి వచ్చినవాళ్ళు కలిసి పెరిగిన సంఘమే తరువాత రిఫార్మ్డ్ చర్చ్ ఇన్ అమెరికా.

ఆ సంఘమే 1853లో స్కడర్ సోదరుల చేత ఆర్కాటు మిషను ప్రారంభించింది. ఆ మిషను వైద్యుడు, సేవకుడు అయిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లె వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. మందులిచ్చాడు, బైబిలు తెలుగు అనువాదం సరిచేసే పనిలో పాలుపొందాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆ మిషను పనిలోనుండే మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. క్షయరోగుల కోసం అనేక మిషనులు చేయి కలిపి ఆరోగ్యవరం కట్టాయి. మందు లేని రోజుల్లో ఆ రోగం వచ్చినవాళ్ళను ఇంట్లోవాళ్ళే దూరం పెట్టేవారు. వాళ్ళను పడకమీద పడుకోబెట్టి గాలి, వెలుతురు, తిండి ఇచ్చి చూసుకున్న చోటు అది. మీ ఇళ్ళల్లో ఆ ఆసుపత్రుల్లో పుట్టినవాళ్ళు, బతికినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకోండి.

సోమ్యూర్‌వాళ్ళే మనకు సువార్త తెచ్చారని నేను చెప్పడంలేదు. ఒక నదిలో ఎన్నో వాగులు కలుస్తాయి. వాటిలో ఒక వాగు ఆ తెల్లకోట కింద పుట్టింది, అంతే. అయితే 1685లో మందిరం కూలుతుంటే చూసి ఏడ్చిన ఒక అమ్మకు, 178 సంవత్సరాల తరువాత భూగోళం అవతల మదనపల్లె అనే ఊరిలో ఒక వైద్యుడు దిగుతాడని ఎవరు చెప్పగలరు? ఆమె చూసింది కూలిన గోడలే. ఆమె అలా ఏడ్చే చనిపోయి ఉంటుంది. ఆమె ప్రార్థన ఆమెతో చనిపోలేదు.

మన గుర్రం ఏది?

ఇక మన సంగతి. ఇప్పుడు మన ఇళ్ళల్లో యుద్ధపు గుర్రాలు లేవు. గుర్రంకొండమీద కోతులు, మేకలు తిరుగుతున్నాయి. కాని ఇది ఉన్నంతకాలం నాకేం కాదు అని మనం నమ్ముకున్న గుర్రం ప్రతి ఇంట్లో ఒకటి కట్టేసి ఉంది.

కొందరికి అది బోరు. వెయ్యి అడుగులు పోయినా నీళ్ళు పడతాయని అప్పుచేసి వేయిస్తారు. పడితే దేవుడు మంచివాడు, పడకపోతే దేవుడు లేడు. కొందరికి అది టమాటా. మదనపల్లె మార్కెట్లో ఈ వారం పెట్టె ధర చూసి వచ్చే ఏడాది పెళ్ళికి ముహూర్తం పెట్టుకుంటారు. మరో వారానికి కోత కూలి కూడా రాక కాయ రోడ్డు పక్కన పారబోస్తారు. కొందరికి అది బెంగుళూరులో కొడుకు ఉద్యోగం. కొందరికి బ్యాంకులో కుదువపెట్టిన బంగారం. కొందరికి, చెప్పడానికి సంకోచంగా ఉన్నా చెప్పాలి, మందిరం కట్టడమే. గోపురం ఎత్తు చూసి మా సంఘం బలమైనదనుకుంటాం. లోపల ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

బోరు వేయవద్దని, పంట పెట్టవద్దని, ఉద్యోగం చేయవద్దని చెప్పడంలేదు. గుర్రాన్ని మేపాలి, నీళ్ళు పెట్టాలి, సిద్ధంగా ఉంచాలి. కాని అది మన కాపలాదారు కాదు. దానికే మనం కాపలా. మన పెద్దలు అన్నట్టు గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. నమ్మకాన్ని దానిమీద పెట్టినవాడు దాణా పోస్తూ పోస్తూ తానే చిక్కిపోతాడు.

ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో రాజు గుఱ్ఱాలను విస్తారంగా పెంచుకోకూడదని దేవుడు ముందే హెచ్చరించాడు. మన ప్రభువు యెరూషలేములోకి వచ్చినప్పుడు గుర్రం ఎక్కలేదు, గాడిదపిల్లను ఎక్కాడు, అది కూడా అడిగి తెచ్చుకున్నది. మట్టల ఆదివారం ప్రతి ఏడూ ఆ సంగతి చదువుతాం. చదివి ఇంటికి వెళ్ళి మళ్ళీ మన గుర్రానికి గడ్డి వేసుకుంటాం.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయండి. ఇంట్లో అందరూ కూర్చున్నాక ఒక్కొక్కరు ఒక మాట చెప్పండి. ఏది పోతే నేను కుప్పకూలిపోతాను? పిల్లలు చెప్పే జవాబు కూడా వినండి, నవ్వకండి. ఎవరు ఏం చెప్పినా అక్కడే దానికోసం ప్రార్థించండి. అది పోకూడదని కాదు, అది పోయినా ప్రభువు నిలబెట్టాలని.

గుర్రంకొండమీద గుర్రం లేదు. సోమ్యూర్‌లో ఆ పాఠశాల లేదు. అయినా చెదిరిపోయినవాళ్ళ చేత దేవుడు ఎక్కడో ఒకచోట సంఘాన్ని కట్టాడు. మీ ఇంట్లో ఈ రోజు ఏది చెదిరిపోతున్నా, ఆయన దాన్ని చూస్తున్నాడని నమ్మి నిద్రపొండి.

ప్రభువు కృప మీ అందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.